కెప్టెన్ కోల్ మార్చి దాకా చావకూడదు

మా ఊళ్ళో సర్కారు ఉద్యోగం మీద ఆశపడటం తప్పేమీ కాదు. నోరు తెరిచి అడగడమే తప్పు. పెద్దమనిషి అన్నవాడు ఉద్యోగం వైపు కన్నెత్తి కూడా చూడకూడదు. నాకొద్దు మొర్రో అని వాడు మొత్తుకుంటూ ఉంటే దేశమే వెంటపడి చేతిలో పెట్టాలి. దేశానికి అంత తీరిక ఎక్కడిది? అందుకని ఆ వెంటపడే పనేదో వాడి స్నేహితులూ బంధువులూ చేసిపెడుతుంటారు. వాడు మాత్రం ఏమీ ఎరగనట్టు ఇంట్లో కూర్చుని రోజూ గడ్డం గీసుకుంటూ ఉంటాడు.

ఎలిఫలెట్ డోన్‌కి ఆ కూర్చోవడమే చేతకాలేదు. ఒకప్పుడు కాడ్ చేపల ఓడల మీద మంచి పనిమంతుడు. తెరచాప కొయ్య మీంచి జారిపడి తుంటి విరిగింది. అది అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. కుంటివాణ్ణి ఏ ఓడవాడు ఎక్కించుకుంటాడు? అప్పటినుంచీ బావమరిది షెడ్డులో పీపాలు బిగిస్తూ, బావమరిది ఇంటి వెనకగదిలో కాపురం ఉంటున్నాడు. భార్య మెహిటబెల్‌ని ఊరంతా హిట్టీ అంటారు. చేయి తిరిగిన వంటమనిషి. కానీ పొయ్యి వదినగారిది. ఎన్ని కట్టెలు పెట్టావు, ఎంత పిండి తీశావు అని ఆ మహాతల్లి రోజూ లెక్క అడిగేది. హిట్టీ ఆ మాటలు మింగీ మింగీ చిక్కి సగమైంది.

"ఏమయ్యా, నాకు పట్టుబట్టలొద్దు, వెండి చెంచాలొద్దు. నా పొయ్యి నాకుంటే చాలు. అందులో కట్టె పెట్టేముందు ఎవరి మొహమూ చూడక్కర్లేకుండా ఉంటే చాలు" అనేది మొగుడితో. ఎలిఫలెట్ తలొంచుకుని పీపా బద్దలు చెక్కుతూ ఉండిపోయేవాడు.

ఇలా ఉండగా, పద్దెనిమిది వందల సంవత్సరం చలికాలంలో గానెట్ పాయింట్ లైట్‌హౌస్ కాపలాదారు కెప్టెన్ అబైజా కోల్ రొమ్ము పట్టేసి, జ్వరమొచ్చి మంచం ఎక్కాడు. ముసలాయనకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఆయన కూర్చున్న ఉద్యోగం చూస్తే మా తీరంలో కుంటివాడు కూడా చేయగలిగిన సర్కారు కొలువు అదొక్కటే. సాయంత్రం మెట్లెక్కి తిమింగలం నూనె దీపాలు వెలిగించాలి, పొద్దున్నే ఆర్పాలి. జీతంతో పాటు ఇల్లు, ఆవుని మేపుకోవడానికి గడ్డినేల, అన్నిటికీ మించి వంటింట్లో రాతి పొయ్యి. ఆ పొయ్యి ముందు గొర్రెని నిలువునా కాల్చవచ్చు.

కెప్టెన్ దగ్గుతున్నాడన్న మాట పొక్కిందో లేదో, ఊరంతటికీ ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకరు సూప్ తెస్తారు, ఒకరు జెల్లీ తెస్తారు. తెచ్చినవాళ్ళు ఆయన నాడి చూసి ఆ తర్వాత గోడలూ, కిటికీలూ చూసి, ఇల్లు కురుస్తుందా అని అడిగి వెళతారు. అందరికంటే ముందున్నవాడు పెలెగ్ స్టర్జిస్. వాడు హార్బరు సుంకాల అధికారికి అల్లుడు. మామా అల్లుళ్ళిద్దరూ ఫెడరలిస్టులు, అంటే అప్పట్లో గద్దె మీదున్న పార్టీవాళ్ళు. టోపీకి పార్టీ గుర్తుగా నల్ల రిబ్బను పువ్వు కట్టుకుని తిరిగే బాపతు. ఖాళీ పడిందని ఆ మామ రాజధానికి ఒక్క ముక్క రాస్తే చాలు, అల్లుడి పేరు మీద సంతకం పడిపోతుంది. పెలెగ్ అప్పుడే లైట్‌హౌస్ కిటికీలకి కర్టెన్ల కొలతలు కూడా తీసుకున్నాడని చెప్పుకున్నారు.

ఎలిఫలెట్ రిపబ్లికన్. ఫ్రెంచివాళ్ళ విప్లవాన్ని మెచ్చుకునే ఎదుటి పార్టీ. మా ఊళ్ళో ఆ పార్టీవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళకి దిక్కూ దివాణం జడ్జి పెరిన్ ఒక్కడే. ఎలిఫలెట్ కుంటుకుంటూ మంచులో పడి ఆయన ఇంటికి వెళ్ళాడు. టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"ఏం పనిమీద వచ్చావోయ్?"

"పనేం లేదండీ. నాకేమీ వద్దండీ జడ్జిగారూ."

"తెలుసు. నీకేమీ వద్దని నిన్ననే మీ బావమరిది వచ్చి చెప్పాడు. మొన్న మీ పాస్టరుగారి తమ్ముడు కూడా చెప్పాడు. నీకేమీ వద్దన్న సంగతి జిల్లా మొత్తానికి తెలిసిపోయింది. కూర్చో."

ఎలిఫలెట్ కూర్చున్నాడు. జడ్జి గొంతు తగ్గించాడు. "చూడు. వాళ్ళ ప్రెసిడెంటు ఎన్నికలో మనవాడి చేతిలో ఓడిపోయాడు. కానీ మార్చి నాలుగో తేదీ దాకా కుర్చీ ఆయనదే. పోయేలోగా ఖాళీ అయిన ప్రతి కుర్చీలోనూ తనవాణ్ణి కూర్చోబెట్టి మరీ పోతాడు. కోల్ గనక ఈ లోపు చచ్చాడనుకో, లైట్‌హౌస్ పెలెగ్‌ది. మార్చి నాలుగు దాటాక చచ్చాడనుకో, అప్పుడు రాసేది నేను. అర్థమైందా?"

"అంటే... నేనేం చేయాలండీ?"

"నిన్నేమీ చేయమనడం లేదు. నీకేమీ వద్దుగా! క్రైస్తవుడివి కదా, పొరుగువాడు జబ్బుపడ్డాడు. చావకుండా చూసుకో."

ఇంటికొచ్చి సంగతి చెబితే హిట్టీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మూట కట్టింది. మా ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ఇరుగుపొరుగు వంతులవారీగా వెళ్ళి రోగి పక్కన కూర్చోవడం రివాజు. హిట్టీ వంతుకి వెళ్ళింది, మరి లేవలేదు. తర్వాత వంతు పెలెగ్ పెళ్ళానిది. ఆమె వస్తే గుమ్మంలోంచే, "నీకెందుకమ్మా శ్రమ, చంటిపిల్లల తల్లివి, వెళ్ళి పడుకో" అని పంపించేసింది. తర్వాత ఎవరొచ్చినా అంతే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లైట్‌హౌస్‌లో దిగబడ్డారు. ఎలిఫలెట్ కుంటికాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి దీపాలు వెలిగించేవాడు. హిట్టీ ఆ రాతి పొయ్యిలో ఇష్టమొచ్చినన్ని కట్టెలు వేసి, చౌడర్ అనే చిక్కటి చేపల జావ కాచి, కెప్టెన్ నోట్లో చెంచాతో పోసేది.

"ఇంక వద్దు తల్లీ, కడుపు పగిలిపోతోంది" అని ముసలాయన మొహం తిప్పుకునేవాడు.

"పగలదు. మింగండి. మార్చి దాకా... అదే, చలి తగ్గేదాకా ఒంట్లో బలం ఉండాలి."

ఒకరోజు పెలెగ్ పరామర్శకి వచ్చాడు. "గదిలో గాలే లేదే!" అని జాలిపడి సముద్రం వైపు కిటికీ బార్లా తెరిచాడు. బయట జనవరి గాలి. హిట్టీ పరుగున వచ్చి కిటికీ ఢామ్మని మూసింది. పెలెగ్ వేళ్ళు తీసుకోవడానికి ఒక్క క్షణం ఆలస్యం చేశాడు, అది ఆమె తప్పు కాదు. వాడు ఊదుకుంటూ పోయి డాక్టర్ లోరింగ్‌ని పంపాడు. ఆ డాక్టరుకి తెలిసిన వైద్యం ఒకటే, నరం కోసి రక్తం తీయడం. జ్వరమొచ్చినా అదే, కాలు బెణికినా అదే. ఆయన చేతిలో బతికినవాళ్ళు గట్టిపిండాలని మా ఊళ్ళో పేరు. ఆయన గిన్నే, కత్తీ సర్దుకుంటుంటే హిట్టీ అట్లకాడతో మంచానికి అడ్డం నిలబడింది.

"డాక్టరుగారూ, ఈయన ఒంట్లో ఒక్క బొట్టు కూడా దండగ చేయడానికి వీల్లేదు. అన్నీ లెక్కలో ఉన్నాయి."

"నీకు వైద్యం తెలుసా?"

"తెలీదు. అట్లకాడ వాడటం తెలుసు."

డాక్టరు వెళ్ళిపోయాడు. కత్తి తగలకపోవడం వల్లనో, చౌడర్ మహిమో నాకు తెలియదు గానీ, ఫిబ్రవరి నడిమికల్లా కెప్టెన్ దిండు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన కూడా కరుడుగట్టిన ఫెడరలిస్టే. కూర్చోగానే చేసిన మొదటి పని నల్ల రిబ్బను టోపీ తెప్పించుకుని నెత్తిన పెట్టుకోవడం. రెండోది ఎలిఫలెట్‌ని దగ్గరికి పిలవడం.

"ఒరేయ్ అబ్బాయ్, నిజం చెప్పు. నన్ను ఎప్పటిదాకా బతికిద్దామని మీ ఉద్దేశం?"

ఎలిఫలెట్ మొహం కందగడ్డ అయింది. అబద్ధం ఆడటం వాడికి రాదు. "మార్చి నాలుగో తేదీ దాకానండీ" అన్నాడు.

కెప్టెన్ పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. హిట్టీ పరిగెత్తుకొచ్చి వీపు రాసింది. "ఊరందరూ నా చావు కోసం గోతి దగ్గర నక్కల్లా కాచుక్కూర్చున్నారు. నా బతుకు కోసం కాచుకున్నవాళ్ళు మీరిద్దరే కదరా! తేదీ సంగతి తర్వాత చూసుకుందాం, ఇంకాస్త చౌడర్ పొయ్యమ్మాయ్" అన్నాడు.

మార్చి నాలుగు వచ్చింది. దేవుణ్ణి నమ్మడని పేరున్న కొత్త ప్రెసిడెంటు వస్తే ఇంటింటికీ వెళ్ళి బైబిళ్ళు తగలబెట్టిస్తాడని భయపడి మా ఊరి ఆడవాళ్ళు వాటిని పిండి డబ్బాల్లో దాచుకున్నారు. ఎవరూ రాలేదు. మార్చి వెళ్ళింది, ఏప్రిల్ వచ్చింది. కెప్టెన్ చచ్చే సూచనలేమీ కనబడలేదు. పైగా ఒళ్ళు చేశాడు. పొద్దున్నే అరడజను చేపముద్దలు తిని, పొయ్యి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, హిట్టీ వంట చేస్తుంటే పాత ఓడల కబుర్లు చెప్పేవాడు. ఉప్పు తక్కువైందని తిట్టేవాడు. ఆమె ఎదురు తిట్టేది. ఎలిఫలెట్ వాళ్ళిద్దరినీ చూసి నవ్వుకుంటూ దీపాల అద్దాలు తుడిచేవాడు.

ఇంక ఆగలేక జడ్జి పెరిన్ బండి కట్టించుకుని వచ్చాడు. కెప్టెన్ వెనకగదిలో పడుకున్నాడని తెలుసుకుని వంటింట్లోనే కూర్చున్నాడు.

"ఇంకా బతికే ఉన్నాడేమిటయ్యా?"

"మీరే కదండీ చావకుండా చూసుకోమన్నారు" అన్నాడు ఎలిఫలెట్.

"ఇంత బాగా చూసుకోమన్నానా? సరే, పోనీ. ఇంకో దారి ఉంది. చలికాలమంతా దీపం వెలిగించింది నువ్వు. ఆయన మంచం దిగలేదు. జీతం తీసుకుంటూ పని ఎగ్గొట్టాడని నువ్వూ నీ భార్యా నా ముందు ప్రమాణం చేయండి. ఫెడరలిస్టు ముసలివాడు, పైగా బద్ధకస్తుడు. వారం తిరిగేసరికి ఊడబెరికిస్తాను. ఆ కుర్చీ నీది."

ఎలిఫలెట్ భార్య వైపు చూశాడు. అది నిజమే మరి. కెప్టెన్ మెట్లెక్కలేదు. అడుగుతున్నది అబద్ధం కూడా కాదు. ఒక్క నిజం చెబితే ఆ పొయ్యి హిట్టీది. హిట్టీ పొయ్యి వైపు చూసింది. చాలాసేపు చూసింది. గరిటె కడిగి గోడకి తగిలించింది. అప్పుడు జడ్జి వైపు తిరిగింది.

"అదేంటండీ జడ్జిగారూ, ఎవరు చెప్పారు మీకు? కెప్టెన్‌గారు రోజూ మెట్లెక్కారు. నేను తలుపు పట్టుకుని నిలబడేదాన్ని. కదయ్యా?" అంది మొగుడితో.

ఎలిఫలెట్‌కి అబద్ధం రాదని చెప్పానుగా. "ఆ, రోజూ ఎక్కారండీ. పరుగెత్తుకుంటూ" అన్నాడు.

జడ్జికి ఒళ్ళు మండింది. "మీ ఖర్మ! ఇంక నా గుమ్మం తొక్కకండి" అని బండెక్కాడు. బండి చప్పుడు దూరమయ్యేదాకా హిట్టీ అలాగే నిలబడింది. తర్వాత ఆప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. ఎలిఫలెట్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. మళ్ళీ వదినగారి వెనకగదే గతి అని ఇద్దరికీ తెలుసు.

వెనకగది తలుపు అవతల కెప్టెన్ నిద్రపోలేదు.

మరుసటి ఆదివారం మా ప్రార్థనామందిరంలో పొద్దుటి ప్రసంగం అయింది. మధ్యాహ్నం ప్రసంగానికి ముందు జనమంతా మెట్ల మీద చేరి రొట్టే, జున్నూ తింటూ లోకం సంగతులు మాట్లాడుకుంటారు. కెప్టెన్ చాన్నాళ్ళకి ఊళ్ళోకి వచ్చాడు కదా, అందరూ చుట్టూ మూగారు. ఆయన కర్రతో మెట్టు మీద టకటకా కొట్టాడు.

"అయ్యా, అందరూ వినండి! ఈ ఎలిఫలెట్ డోన్ ఉన్నాడే, ఇంత పచ్చి రిపబ్లికన్ని నా జన్మలో చూడలేదు! నేను జ్వరంతో మూలుగుతుంటే చెవి దగ్గర కూర్చుని ఫ్రెంచివాళ్ళు రాజుగారి తల ఎలా నరికారో చెప్పి చంకలు గుద్దుకునేవాడు! వీడి పెళ్ళాం సంగతి చెప్పనే అక్కర్లేదు. చౌడర్‌లో ఉప్పు వేయడం మర్చిపోతుంది గానీ ప్రజల హక్కుల గురించి మాట్లాడటం మర్చిపోదు! వీళ్ళ మొహాలు చూడలేక నేను ఉద్యోగం వదిలేస్తున్నాను. ఎవడికైనా ఇవ్వండి. పెలెగ్‌కి ఇవ్వండి, బంగారం లాంటి కుర్రాడు. ఈ దుర్మార్గుడికి మాత్రం ఇచ్చారో, మన తీరానికి నాశనం తప్పదు!"

ఎలిఫలెట్ చేతిలో రొట్టె కింద పడింది. హిట్టీ కోపంతో ఎర్రబడిపోయింది. మధ్యాహ్నం ప్రసంగం వినకుండానే మొగుణ్ణి లాక్కుని లైట్‌హౌస్‌కి వచ్చేసింది. సాయంత్రం కెప్టెన్ గుమ్మంలో అడుగు పెట్టీపెట్టగానే విరుచుకుపడింది.

"ఛీ! మీకు పెట్టిన తిండి కుక్కకి పెట్టినా తోక ఊపేది! చెంచాతో పోసి బతికించానే, నలుగురిలో అంత మాట అంటారా?"

కెప్టెన్ తీరుబడిగా టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు. "అమ్మాయ్, నేను నీ మొగుడి గురించి ఒక్క మంచి మాట చెప్పాననుకో, వాడి బతుకు అక్కడితో సరి. ఫెడరలిస్టు మెచ్చినవాణ్ణి మీ జడ్జి గడప దాటనిస్తాడా? అదే నేను దుమ్మెత్తి పోశాననుకో, అంతకంటే మంచి సిఫారసు ఈ దేశంలో ఉందా? ఇంత వయసొచ్చాక నాకీ మాత్రం తెలీదా?"

హిట్టీ గబగబా వెళ్ళి ఆయనకి చౌడర్ గిన్నె నింపింది.

పాపం, మిగతా పని పెలెగే చేసిపెట్టాడు. తనని బంగారం లాంటి కుర్రాడన్న మాట నలుగురికీ తెలియాలని కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగి, కెప్టెన్ తిట్లన్నీ ఒక్కటి కూడా వదలకుండా జిల్లా అంతా చాటాడు. అవి జడ్జి చెవిన పడ్డాయి. ఆయన తొడ చరిచాడు. "చూశావా! ముసలినక్క ఇంతగా తిట్టుకుంటున్నాడంటే వీడు ఎంత గట్టి మనవాడై ఉండాలి! ఆ రోజు మొగుడూ పెళ్ళాం ప్రమాణం చేయలేదంటే, ముసలివాడు వెనకగదిలోంచి వింటున్నాడని జాగ్రత్తపడ్డారన్నమాట!" అని తనకి తానే సర్దిచెప్పుకుని రాజధానికి రాశాడు. జూన్ నెల రాకముందే ఎలిఫలెట్ పేరు మీద ఉత్తర్వు వచ్చేసింది.

ఉత్తర్వు వచ్చినరోజు హిట్టీ పొయ్యి ముందు కూర్చుని ఒక కట్టె పెట్టింది. ఎవరి మొహమూ చూడలేదు. ఇంకోటి పెట్టింది. అప్పుడు తలెత్తి చూస్తే కెప్టెన్ తన పెట్టెకి తాడు కడుతున్నాడు.

"మీరెక్కడికి?"

"మా మేనకోడలింటికి."

"ఏం అవసరం? ఇక్కడే ఉండండి. మీ కుర్చీ మీది."

"ఎవరితో ఉండమంటావు? దుర్మార్గుడు, తలలు నరికే రకం అని ఊరంతా వినేలా నేను తిట్టినవాడితోనా? జడ్జికి తెలిస్తే మర్నాడే ఇంకొకణ్ణి దింపుతాడు ఇక్కడ." తాడు ముడి బిగించాడు. "నేను తిట్టింది నిజమని ఊరు నమ్మాలి, అమ్మాయ్. నమ్ముతూనే ఉండాలి."

ఎలిఫలెట్ ఆ పెట్టె మోసుకుని వెళ్ళడానికి కూడా వీల్లేకపోయింది. ఎవరైనా చూస్తారు. ముసలాయనే ఈడ్చుకుంటూ పోయాడు. వాడు దీపాల గదిలో నిలబడి, ఆ పెట్టె రోడ్డు మలుపు తిరిగేదాకా చూసి, అద్దాలు తుడవడం మర్చిపోయి కిందికి వచ్చాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం కెప్టెన్ కర్ర పట్టుకుని గానెట్ పాయింట్ దాకా నడిచొచ్చేవాడు. కంచె బయట నిలబడి, దారినపోయేవాళ్ళకి వినబడేలా గొంతెత్తి తిట్టేవాడు. "ఒరేయ్ దేశద్రోహీ! దీపాలు సరిగ్గా వెలిగిస్తున్నావా, లేకపోతే ఫ్రెంచివాళ్ళకి సైగలు చేస్తున్నావా?" అని. లోపల్నుంచి హిట్టీ దూసుకొచ్చేది. "మళ్ళీ వచ్చావా ముసలి పిశాచమా! ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను!" అని అరుస్తూనే మూతపెట్టిన బీన్స్ కుండ కంచె మీంచి అందించేది. "పో, పో! కంఠం కూడా కప్పుకోకుండా తిరుగుతున్నావు, చస్తే పీడా పోతుంది!" అని ఆయన కోటు బొత్తాలు పైదాకా పెట్టేది. ఎలిఫలెట్ వెనక నిలబడి, తిట్టడం చేతకాక, ఊరికే పిడికిలి ఊపేవాడు.

మా ఊరివాళ్ళు వాళ్ళ పగ గురించి పిల్లలకి కథలుగా చెప్పేవాళ్ళు. అలా ఏళ్ళు గడిచాయి. కెప్టెన్ చివరికి ఒక శరదృతువులో, ఎవరి తేదీ కోసమూ ఆగకుండా, నిద్రలోనే పోయాడు.

సమాధుల దగ్గర ఊరంతా చేరింది. శత్రువులు కదా, డోన్ దంపతులు అందరికంటే వెనక నిలబడ్డారు. పెలెగ్ ముందు వరుసలో నిలబడి చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. జడ్జి పెరిన్ మర్యాద కోసం వచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే హిట్టీ మొహమంతా తడి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"అదేమిటమ్మా, ఏడుస్తున్నావు?"

హిట్టీ ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"సంతోషమండీ జడ్జిగారూ" అంది. "పీడ విరగడైంది." అలా అని ఇంకా గట్టిగా ఏడ్చింది.